హెవీ కాక ఓడిపోయిన సంగతి

జగిత్యాలలో మా ఫ్లెక్సీ షాపు తెరిచినప్పటి నుంచి నేను గమనించింది ఒకటే. చెడ్డవాళ్ళు చనిపోవడం లేదు. పోయినవాళ్ళందరూ పేదల పెన్నిధులే, మనసున్న మారాజులే. వాడకట్టులో ఒక్క కోడిని కూడా బతకనివ్వనివాడు సైతం మా కంప్యూటర్ దాకా వచ్చేసరికి దయాహృదయుడు అయిపోతాడు. నాకేం అభ్యంతరం లేదు. పోయినవాళ్ళకు ఒక విశేషణం ఎక్కువ తగిలిస్తే నా మిషను అరిగేది లేదు.

అందుకే మొన్న పొద్దున మార్కెట్ యార్డు హమాలీ సంఘం నుంచి ఇద్దరు వచ్చి, "ఓటమి ఎరుగని యోధుడు అని పెద్దగ రాయి తమ్మీ, కింద కన్నీటి నివాళి" అన్నప్పుడు నా వేళ్ళు వాటంతట అవే టైపు చేయడం మొదలుపెట్టాయి. అంతలో వాళ్ళు ఫోన్లో ఫొటో చూపించారు. వేళ్ళు ఆగిపోయాయి.

ఫొటోలో ఉన్నది హెవీ కాక.

ఆయన అసలు పేరు చెప్పినా మీకు తెలియదు. జగిత్యాలలో కూడా తెలియదు. పెగడపల్లి దగ్గర పుట్టి, యార్డులో బస్తాలు మోసి, హెవీ వెయిట్ బాక్సింగ్ ఆడిన మనిషి కాబట్టి యార్డులో హెవీ కాక, కాలేజీ గ్రౌండులో హెవీ కాక, చర్చిలో పాస్టర్ గారికి కూడా హెవీ కాకే. గుండెపోటుతో పోయాడని వాళ్ళు చెప్పారు. నేను అనకూడని మాటే అన్నాను.

"ఓటమి ఎరుగని అని ఎట్ల రాత్తమన్నా? కాక ఓడిండు గద."

ఇద్దరిలో పెద్దాయన నావైపు చావింట్లో ఈల వేసినవాడిని చూసినట్టు చూశాడు. "సచ్చిపోయినోని మీద ఓడిండని రాత్తరారా ఎవలన్న? పొద్దూకంగ అత్తం. చెప్పింది చెప్పినట్టు కొట్టి పెట్టు."

వాళ్ళు వెళ్ళిపోయారు. తెర మీద "ఓటమి ఎరుగని" అనే రెండు మాటలు మిగిలాయి. కాక చూస్తే ఒప్పుకోడు. నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆయన ఓడిపోయాడని మైకులో చెప్పింది నేనే. అది చెప్పించుకోవడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో కూడా నాకు తెలుసు.

కాక బాక్సింగ్ నేర్చుకున్నది దుబాయ్‌లో. మా దిక్కు మనుషులు దుబాయ్ నుంచి టేపు రికార్డర్లు, దుప్పట్లు, నడుం నొప్పులు తెచ్చుకున్నారు. కాక ఎడమ చెయ్యి తెచ్చుకున్నాడు. లేబర్ క్యాంపులో వంట చేసే ఒక ఫిలిప్పీన్స్ ఆయన శుక్రవారం శుక్రవారం నేర్పాడట. నేర్చుకున్నాడే గాని అక్కడ ఆడింది లేదు. క్యాంపులో ఎవరైనా ఎవరినైనా కొడితే ఇద్దరినీ విమానం ఎక్కించేవారు. కొట్టినవాడికీ కొట్టించుకున్నవాడికీ ఒకే టికెట్టు. దాంతో కాక వచ్చిన విద్యను ఎవరిమీదా వాడకుండా భద్రంగా ఇంటికి తెచ్చాడు.

ఇక్కడికి వచ్చాక తెలిసింది అసలు ఇబ్బంది. అప్పటి మా పెద్ద జిల్లాలో ఆ బరువున్న మనుషులు లేక కాదు. ఉన్నారు. రైసు మిల్లుల్లో ఉన్నారు, కాంట్రాక్టుల్లో ఉన్నారు, జెండా కార్ల వెనుక సీట్లలో ఉన్నారు. వాళ్ళు కొట్టించేవారే తప్ప స్వయంగా కొట్టేవారు కారు. కాబట్టి హెవీ వెయిట్‌లో కాకకు ఎదురు లేదు. ఈ మాట గొప్పగా అంటారు సాధారణంగా. కాక విషయంలో అది ఉన్నమాట.

బాక్సింగులో ఒక పద్ధతి ఉంది. ప్రత్యర్థి లేకపోతే, నువ్వు గెలిచావు ఇంటికి పో అని ఊరికే పంపించరు. ఉన్న ఒక్కడు చేతులకు పట్టీలు చుట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, తాళ్ళ మధ్యకు ఎక్కి నిలబడాలి. గంట కొడతారు. ఎదుటి మూల ఖాళీగా ఉంటుంది. రిఫరీ ఆ ఖాళీని కాసేపు గౌరవంగా చూసి, వచ్చి ఇతని చెయ్యి పైకెత్తుతాడు. దాన్ని వాకోవర్ అంటారు.

ఏటా జిల్లా సెలక్షన్లలో మేము చూసే సీను అదే. కాక నాలుగు దిక్కులా దండం పెట్టేవాడు. గంట మోగేది. రెండు చేతులూ గడ్డం దగ్గర పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని ఎదుటి మూల వైపు చూసేవాడు. మా కాలేజీ పోరగాళ్ళం కింద నుంచి అరిచేవాళ్ళం. "కాకా, ఎడమ దిక్కు జాగ్రత్త, గాలత్తుంది." కాక నవ్వేవాడు గానీ చేతులు దించేవాడు కాదు. రిఫరీ చెయ్యెత్తేటప్పుడు మాత్రం ఆయన ముఖం టికెట్టు కొన్నాక బస్సు రద్దయిన ప్రయాణికుడి ముఖంలా ఉండేది. రాష్ట్ర పోటీలకు పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడేది. ఒకసారి పోటీలే వాయిదా, ఒకసారి బంద్, ఒకసారి ఆయనకే కామెర్లు.

ఆయన సంచిలో ఎప్పుడూ రెండు జతల గ్లౌజులు ఉండేవి. ఒకటి ఆయనది, తోలు పగిలి, రెండుసార్లు చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించింది. రెండోది ఎర్రది, కొత్తది, ప్లాస్టిక్ కవరు విప్పనిది.

"గిది ఎవలిది కాకా?" అని అడిగాను మొదటిసారి చూసినప్పుడు.

"ఎదుటోనిది."

"ఎదుటోడు ఎవలు?"

"అదే జూత్తున్న" అన్నాడు, సంచి మూసి.

మేము ఆయన దగ్గర చేరింది స్పోర్ట్స్ సర్టిఫికెట్ కోసం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. యార్డు వెనుక గోదాము షెడ్డులో రైసు మిల్లు ఊకతో నింపిన గోనె సంచి వేలాడేది. కాక ఎడమ చేత్తో కొడితే సంచి దూలం దాకా లేచి, దిగేటప్పుడు కొంచెం ఊక రాల్చేది. మమ్మల్ని మాత్రం ఎన్నడూ కొట్టలేదు. "నన్ను కొట్టుండ్రి" అని ముఖం ముందుకు పెట్టేవాడు. నాలాంటి వాడు, అంటే బరువు తూచే మిషను పట్టించుకోని వాడు, బలమంతా పెట్టి కొడితే, "ఆఁ, కొట్టినవా? ఇగ జర దగ్గెరికచ్చి కొట్టు" అనేవాడు. అది వెక్కిరింత కాదు, పాఠమే. వెక్కిరింతలాగానే తగిలేది.

"ఊక సంచి తిరిగి కొట్టదు. మీరు కొడ్తే నాకు తెల్వది. నేను బాక్సర్నో కాదో నాకెట్ల తెలవాలెరా? ఎదురుంగ మనిషి ఉండాలె" అనేవాడు. ఆ చివరి మాట ఆయనకు ఊతపదం. క్యారమ్స్ ఆడినా అదే, భోజనానికి కూర్చున్నా అదే. ఎదురుంగ మనిషి ఉండాలె. పాస్టర్ గారు ఒక ఆదివారం ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించాలని ప్రసంగం చేశారు. కూడిక అయ్యాక కాక ఆయన్ను పక్కకు పిలిచి, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "సూపెడ్త అయ్యగారూ. గని ముందుగాల మొదటి చెంపకు కొట్టెటోడు దొరకాలె గద?" పాస్టర్ గారు ప్రార్థన చేస్తానన్నారు. ఏమని చేశారో తెలియదు.

చేతులకు చుట్టుకునే పట్టీల సంగతి కూడా చెప్పాలి. చిన్నమ్మది, అంటే కాక భార్యది, సిరిసిల్ల. ఆమె తమ్ముడు అక్కడ మరమగ్గాల మీద లంగాల బట్ట నేస్తాడు. కోసేటప్పుడు మిగిలిన అంచు ముక్కలు మూట కట్టి బావకు పంపేవాడు. లోకంలో బాక్సర్లు తెల్ల పట్టీలు చుట్టుకుంటారు. మా కాక వంకాయరంగు, మెరూన్, చిలకపచ్చ లంగా పేలికలు చుట్టుకునేవాడు. ఒకసారి జిల్లా అధికారి చూసి, "ఇదేంటయ్యా?" అంటే, "సిరిసిల్ల మాల్ సార్, చెమట మంచిగ గుంజుతది" అన్నాడు. అధికారి మళ్ళీ అడగలేదు.

ఇలా వాకోవర్ల మీద వాకోవర్లు గెలుస్తూ ఉండగా తెలంగాణ ఉద్యమం వచ్చింది. సకల జనుల సమ్మె రోజులు. కాలేజీ లేదు, బస్సు లేదు, యార్డులో కాంటా లేదు. ఆ రోజుల్లో ఎవరు ఏ పని చేసినా రోడ్డు మీదే చేయాలి. వంట రోడ్డు మీద, క్షవరం రోడ్డు మీద, బట్టలు కుట్టడం రోడ్డు మీద. సిరిసిల్లలో మగ్గమే తెచ్చి రోడ్డు మీద పెట్టారు. రోడ్డు మీద చేయని పని ఒకటే మిగిలింది, బండి నడపడం. ఇద్దరు కలిస్తే ఒక జేఏసీ, ముగ్గురు కలిస్తే రెండు జేఏసీలు. ఆ లెక్కన కోరుట్లలో ఆటగాళ్ళ జేఏసీ ఒకటి పుట్టింది. కన్వీనర్ ఒక డ్రిల్లు సారు. పెద్ద రోడ్డు మీద కబడ్డీ అయింది, వాలీబాల్ అయింది, ఇక బాక్సింగ్ పెడదామని కాకకు కబురు పంపాడు.

కాక మొహం వెలిగిపోయింది. "ఎదురుంగ ఎవలున్నరట?" అని అడిగాడు కబురు తెచ్చినవాడిని. వాడు సారు అన్నీ చూసుకున్నాడన్నాడు. కాక ఆ రెండో జత గ్లౌజుల మీద దుమ్ము తుడిచాడు.

చిన్నమ్మతో సహా మేము ట్రాలీ ఆటోలో బయలుదేరాం. సగం దారిలో ఇంకో ఊరివాళ్ళ రాస్తారోకో మమ్మల్ని ఆపింది. రాస్తారోకో చేయడానికే పోతున్నామని ఎంత చెప్పినా వదల్లేదు. "అందరు గట్లనే చెప్తరు" అన్నారు. కాక దిగి వాళ్ళ వంటావార్పులో ఉల్లిగడ్డలు కోసిపెట్టి, పులిహోర తిని, జై తెలంగాణ అన్నాక దారి ఇచ్చారు.

కోరుట్లలో రింగు చూడగానే నాకు ముచ్చటేసింది. నాలుగు వైపులా పోలీసు బారికేడ్లు. పోలీసులనే అడిగి తీసుకున్నారట. రోజూ ఎదురెదురుగా నిలబడీ నిలబడీ వాళ్ళకూ వీళ్ళకూ ఆ మాత్రం ఇచ్చిపుచ్చుకోవడాలు వచ్చాయి. కింద తారు రోడ్డు మీద దొంతరగా గోనె సంచులు పరిచి, పైన వడ్లు ఆరబోసే పరదా కప్పారు. గంటకు బదులు వంటవాళ్ళ దగ్గర నుంచి తెచ్చిన స్టీలు పళ్ళెం, గరిటె. మైకు నాకు ఇచ్చారు. నోరు తప్ప నాకు వేరే కండ లేదని అందరికీ తెలుసు.

ఎదుటి మూలలో ప్రత్యర్థి సిద్ధంగా ఉన్నాడు. గడ్డితో చేసిన దిష్టిబొమ్మ.

"నువ్వొక్కటి గుద్దుతవు, బొమ్మ పడుతది, మనం తగలవెడ్తం. పేపరోళ్ళను పిలిచిన" అన్నాడు డ్రిల్లు సారు, ప్లాను తనదేనన్న సంతోషంతో.

కాక బొమ్మను చూశాడు. కాళ్ళు చూశాడు, చేతులు చూశాడు, పాత షర్టు చూశాడు. "మల్ల వాకోవరేనా సార్?" అన్నాడు. ఆ మాట గట్టిగా అనలేదు. గ్లౌజుల సంచి చేతిలో అలాగే పట్టుకుని బారికేడు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇక ఆటో ఎక్కుతాడేమో అనుకున్నాను.

బారికేడు అవతల బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ ఒకతను ఉన్నాడు. గోదావరి జిల్లాల నుంచి వేసిన పటాలంలోవాడు. తోటి కానిస్టేబుళ్ళ మధ్య అతను నిలబడితే తలుపుల మధ్య బీరువా పెట్టినట్టుంది. కాక అతన్ని కింద నుంచి పైకి చూశాడు. పైనుంచి కిందికి మళ్ళీ చూశాడు. తర్వాత నేను ఆ ఉద్యమం మొత్తంలో ఏ పోలీసునూ ఎవరూ అడగగా వినని ప్రశ్న అడిగాడు.

"అన్నా, నీ బరువెంత?"

"తొంభైకి ఒకటి తక్కువండి" అన్నాడు కానిస్టేబుల్ అలవాటుగా. "ఎందుకండి?"

"ఎప్పుడన్న ఆడినవా? బాక్సింగు?"

"పోలీసు ఆటల్లో ఆడేవాణ్ణండి. ఇప్పుడేముందండి, పొట్టొచ్చేసింది."

కాక నావైపు తిరిగాడు. ఆ కళ్ళు చూసి నేను ఒక జోకు వేయబోయి మానుకున్నాను. నా జీవితంలో అలాంటివి తక్కువ.

తర్వాత జరిగింది చర్చలు. రాష్ట్రం గురించి జరిగిన చర్చల కంటే ఇవి తొందరగా తేలాయి. డ్రిల్లు సారు ఎగిరి గంతేశాడు. తెలంగాణ బిడ్డడు ఒకవైపు, ఆంధ్రా పోలీసు ఒకవైపు, ఇంతకంటే ఏం కావాలి. అక్కడ డ్యూటీలో ఉన్న సీఐ మాత్రం ఆలోచనలో పడ్డాడు. వద్దంటే జనం అరుస్తారు. ఆడి గెలిస్తే ఉద్యమకారుణ్ణి పోలీసు కొట్టాడని రేపు పేపర్లో వస్తుంది. కాసేపు మీసం సర్దుకుని, యూనిఫాం విప్పి బనీను మీద ఆడమన్నాడు. కానిస్టేబుల్‌ను పక్కకు పిలిచి చెవిలో ఇంకేదో కూడా అన్నాడు.

కాక కవరు చింపి ఎర్ర గ్లౌజులు బయటికి తీశాడు. వాటికి ఇంకా షాపు వాసన ఉంది. కానిస్టేబుల్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని చేతులకు వంకాయరంగు పట్టీలు తనే చుట్టాడు.

"ఇదేం గుడ్డండి గురువుగారూ?"

"సిరిసిల్లదన్నా. మా బామ్మర్ది నేసిండు."

"మెత్తగా ఉందండి" అన్నాడు అతను. ఏం గుడ్డో కాక చెప్పలేదు.

పళ్ళెం మోగింది. కాక నాలుగు దిక్కులా దండం పెట్టి, ఎదుటి మూల వైపు చూశాడు. అక్కడ మనిషి ఉన్నాడు.

నేను మైకులో తెలంగాణ పోరుగడ్డ, పిడికిలి, నిప్పుకణిక అంటూ ఏదో మొదలుపెట్టాను. మొదలుపెట్టిన కాసేపటికే అనడానికి ఏమీ లేకుండా పోయింది. కానిస్టేబుల్ చేతులు వస్తున్నాయి గానీ తగలడం లేదు. తగిలినవి పెళ్ళిలో నలుగు పెట్టినట్టు తగులుతున్నాయి. కాక ఒకటి భుజం మీద తట్టేసరికి అతను వెనక్కి వెనక్కి పోయి బారికేడు పట్టుకుని, మోకాలు మీద కూర్చోవడానికి మంచి చోటు వెతుకుతున్నాడు. జనం ఈలలు. డ్రిల్లు సారు నోట్లో విజిల్ పెట్టుకుని సిద్ధం.

కాక చేతులు దించాడు. బారికేడు పక్కన, నా మైకుకు మూరెడు దూరంలో, మెల్లగా అడిగాడు.

"అన్నా, నిన్ను ఓడిపొమ్మన్నరా?"

"పైనుంచి ఆర్డరండి" అన్నాడు కానిస్టేబుల్.

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట కోరుట్ల మొత్తం విన్నది. సీఐ తల ఎత్తి ఆకాశంలో ఏదో పని ఉన్నట్టు చూశాడు. కాక మైకు అడగలేదు, మైకు ఉందని కూడా గమనించలేదు. సీఐ వైపు తిరిగి రెండు గ్లౌజులూ జోడించాడు.

"సార్, గిన్నేండ్లకు నాకొక్క మనిషి దొరికిండు. గీన్ని గుడ వాకోవర్ చెయ్యకుండ్రి. మీ కాల్మొక్త."

వంట దగ్గర ఒకావిడ గరిటె ఆపేసింది. సీఐ ఆ జోడించిన గ్లౌజులను చూసి, "ఆడుకోండయ్యా" అన్నాడు. తర్వాత తన మనిషి వైపు వేలు చూపించి, "ఆడు. నిజంగా ఆడు" అన్నాడు. ఆ రోజు ఆయన ఇచ్చిన ఆర్డర్లలో వెంటనే అమలైంది అదొక్కటే.

రెండో రౌండు మొదలైన మొదటి క్షణంలోనే కానిస్టేబుల్ కుడి చెయ్యి వచ్చి కాక చెంప మీద తగిలింది. ముఖం పక్కకు తిరిగింది. అయ్యో అన్నారంతా. కాక మెల్లగా ముఖం ముందుకు తెచ్చుకుని నవ్వాడు. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన అలా నవ్వలేదని చిన్నమ్మ తర్వాత చెప్పింది, కొంచెం కోపంగానే.

ఆ తర్వాత నేను కామెంటరీ చెప్పలేదు. చెప్పడం మర్చిపోయాను. కాక ఎడమ చెయ్యి, అన్నేళ్ళు ఊక సంచిని మాత్రమే ఎరిగిన చెయ్యి, అతని కుడి దవడను పట్టుకుంది. అంత మనిషి ఒక్కసారి కాళ్ళ మీద ఊగాడు. ఊగి నిలబడ్డాడు. "బాగుందండి" అన్నాడు. నిజంగా అన్నాడు. "నీది గుడ" అన్నాడు కాక. ఇద్దరూ మళ్ళీ కొట్టుకున్నారు. మూడో రౌండులో కడుపులో ఒకటి, దాని వెనుకే గడ్డం మీద ఒకటి పడి కాక వెల్లకిలా పడ్డాడు. బతుకంతా బస్తాలు మోసినవాడిని ఆ పూట బస్తాలు మోశాయి. డ్రిల్లు సారు ఒకటి నుంచి రెండుకు పోవడానికి ఎంత సమయం తీసుకున్నాడంటే, ఆ మధ్యలో టీ తాగి రావచ్చు. కాక లేచాడు. చివరి దాకా ఆడాడు. పళ్ళెం మోగేసరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఎవరు వదిలినా ఇద్దరూ పడతారన్నట్టు.

డ్రిల్లు సారు వచ్చి కాక చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, కింద పడ్డది నేను."

"పడితే ఏమాయె? లేసినవ్ గద. తెలంగాణ ఇజ్జత్ ముచ్చటిది."

"ఇజ్జత్ ముచ్చటనే చెప్తున్న సార్" అన్నాడు కాక. పెదవి మీద నెత్తురు తుడుచుకుని నావైపు చూశాడు. "కొడుకా, నువ్వు కండ్లతోని ఏం జూసినవో గదే చెప్పు."

డ్రిల్లు సారు కళ్ళు ఒకటి చెబుతున్నాయి, కాక కళ్ళు ఒకటి. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. "గెలిచింది పోలీసన్న" అన్నాను. "మన కాక ఓడిండు."

పొయ్యి మీద పప్పు ఉడికే చప్పుడు వినపడింది. కాక వంగి కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని, ఆ వంకాయరంగు పట్టీ, ఎర్ర గ్లౌజు అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

వెనుక వరసలో ఉన్నవాళ్ళకు ఏం జరిగిందో తెలియదు. వాళ్ళకు కనిపించింది పైకి లేచిన ఒక చెయ్యి. ఆ రోజుల్లో చెయ్యి లేస్తే దాని అర్థం ఒకటే. ఎవరో "జై తెలంగాణ" అన్నారు. జనమంతా అందుకున్నారు. పేపరాయన కెమెరా నొక్కాడు. కానిస్టేబుల్ రొప్పుతూ నోరు తెరిచి ఉన్నాడు.

తెల్లారి పేపర్లో ఫొటో. పిడికిలెత్తి నోరారా నినదిస్తున్న ఆంధ్రా పోలీసు. కింద, ఉద్యమానికి ఖాకీల మద్దతు అని. ఆ పక్కన సగం చెవి, ఒక భుజం కనిపించే మనిషి కాక.

పాపం కానిస్టేబుల్‌కు మెమో వచ్చింది. దవడ వాచి ఉండటం వల్ల నోటితో జవాబు చెప్పలేక రాసి ఇచ్చాడట. కాకకు మాత్రం కష్టం ఇంకో రకంగా వచ్చింది. ఆయన ఓడిపోయాడని ఎవరూ ఒప్పుకోలేదు. టీ కొట్టు దగ్గర కూర్చుని, వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు. "పేపర్ల తప్పు పడ్డది. నేను ఓడిన. సక్కగ ఓడిన."

"నువ్వు పోలీసోనితోని జై తెలంగాణ అనిపిచ్చినవు కాకా. అది ఓడుడా?"

"ఆయన అనలే. ఆయనకు దమ్మచ్చింది."

"ఓడినోడు గింత సంబురంగ చెప్తడా?"

"ఓడాల్నంటే ఆడాలె గదరా" అనేవాడు కాక. అర్థం కావడం లేదని వాళ్ళనూ ఏమీ అనేవాడు కాదు. రాష్ట్రం వచ్చాక ఒక సభలో ఆయనకు శాలువా కప్పి, పోలీసుల గుండె కరిగించిన వీరుడన్నారు. కాక మైకు తీసుకుని, కరిగింది తన పన్ను అని, కదిలి ఊడిపోయిందని, ఓడిపోయానని వివరంగా చెప్పాడు. జనం దాన్ని వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. శాలువా మాత్రం వెనక్కి ఇవ్వలేదు. సిరిసిల్ల మాలు కావచ్చునని ఇంటికి తెచ్చాడు.

ఆ కోరుట్ల ఆట తర్వాత ఆయన మళ్ళీ సెలక్షన్లకు పోలేదు. ఎందుకని అడిగితే, "అయిపాయె గదరా, ఆడిన" అన్నాడు. బస్తాలు మోశాడు, పోరగాళ్ళకు నేర్పాడు. ఎండాకాలం ఇక్కడి నుంచి మామిడిపండ్ల పెట్టె ఒకటి గోదావరి దిక్కు, ఆ కానిస్టేబుల్ ఇంటికి పోయేది. అక్కడి నుంచి కాజాల డబ్బా వచ్చేది. ఎర్ర గ్లౌజులు అక్కడే ఉండిపోయాయి.

మొన్న సాయంత్రం హమాలీ సంఘం వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. వెంట చిన్నమ్మ కూడా ఉంది. ఫొటో ఆమెనే ఎంచమన్నారట. తెర మీద "ఓటమి ఎరుగని" దగ్గర కర్సరు పొద్దుటి నుంచి కొట్టుకుంటూనే ఉంది.

"ఇంక కొట్టలేదా?" అన్నాడు పెద్దాయన.

నేను చిన్నమ్మ వైపు చూశాను. "చిన్నమ్మా, కాక ఓటమి ఎరుగడని రాయమంటున్నరు."

ఆమె కుర్చీలో కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎరుగకపోవుడేంది?" అంది. "గెలిచిన ముచ్చట ఒక్కనాడు గుడ ఇంట్ల చెప్పలే ఆయన. ఆ గెలిచిన కప్పులల్ల నేను పోపుగింజలు పోసుకున్న. ఓడిన ముచ్చట మాత్రం దినాం చెప్పిండు. అన్నం తినుకుంట చెప్పిండు. ఆ పోలీసాయనకు ఫోన్ చేసుకుంట చెప్పిండు. దవఖానల గుడ నర్సుకు చెప్పిండు. ఇగ ఇప్పుడు మీరు దాన్ని గుడ గుంజుకుంటరా ఆయన దగ్గెర?"

పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మరేం రాద్దాం వదినా?" అన్నాడు.

ఆమె చెప్పింది. నేను టైపు చేశాను. నా షాపు చరిత్రలో విశేషణం లేని ఫ్లెక్సీ అదొక్కటే: ఒక్క ఆట ఆడిండు. సక్కగ ఓడిండు.

ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు పెట్టే ప్రార్థన, యార్డు వెనుక షెడ్డులోనే పెట్టారు. ఊక సంచి వేలాడే దూలానికే ఫ్లెక్సీ కట్టారు. పాస్టర్ గారు ప్రార్థన ముగించే సమయానికి ఒక భారీ మనిషి చేతిసంచితో గేటు దగ్గర దిగాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట ఇంకొంచెం ముందుకొచ్చింది. ఇప్పుడు హెడ్ కానిస్టేబులట. రైలు, బస్సు, ఆటో మారి వచ్చాడు. వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడకుండా ఫ్లెక్సీ ఎదురుగా నిలబడి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు.

రెండు మాటలు చెప్పమన్నారు. మైకు మళ్ళీ నేనే పట్టుకున్నాను.

"నాకు మాటలు రావండి" అన్నాడు. "ఇక్కడ అందరూ ఆయన మంచోడు, బలవంతుడు అంటున్నారండి. ఎలా తెలుసండి మీకు? మిమ్మల్నెవర్నీ ఆయన కొట్టలేదు కదండి. నన్ను కొట్టాడండి." కుడి దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. "సర్వీసులో చాలామందితో ఆడానండి. ఈ ఎడమ చెయ్యి ఇంకోటి చూళ్ళేదండి. ఆ రోజు నేను పడాల్సిందండి. ఎందుకు పడలేదో ఇప్పటికీ తెలీదండి."

మైకును చేత్తో నావైపు జరిపేశాడు. నేను ఏ జోకూ వేయలేదు. ఇది రెండోసారి.

భోజనాల దగ్గర చిన్నమ్మ గిన్నె పట్టుకుని ఆయన పంక్తి దాకా వచ్చి ఆగింది. "అన్నా, ఆ దవడ ఇంక నొత్తదా?"

ఆయన నమలడం ఆపి, తప్పు చేసినట్టు తల ఊపాడు. "చలికాలం వస్తే ఇదిగో, ఇక్కడ పట్టేస్తుందండి. నోరు పూర్తిగా తెరుచుకోదండి."

"మంచిది" అంది చిన్నమ్మ. కాక పోయిన దగ్గర నుంచి ఆమె నవ్వడం మేము చూడటం అదే మొదలు. గిన్నెలో గరిటె పెట్టి కెలికి, ఏరి ఏరి ఆయన విస్తట్లో వేసింది. "మెత్తటి ముక్కలేసిన అన్నా. ఎడమ దిక్కు నములు."